టవర్ భయం సరే చెల్లె, చెవికాడి ఫోన్ సంగతేంది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కోస్గి దిక్కు చిన్న ఊరు. మా ఆయన బొంబాయిల కట్టడం పనికి పోతడు, పండుగలకే వస్తడు. కొడుకు తొమ్మిది చదువుతుండు, బిడ్డ నాలుగు. మాది ఇనుప రేకుల ఇల్లు, లోపల సిగ్నల్ సక్కగ రాదు. రోజు రాత్రి వాళ్ళ నాయన ఫోన్ చేస్తే ఇద్దరు ఒకరెనక ఒకరు చెవికి పెట్టుకొని గంట మాట్లాడ్తరు. పెద్దోడు ఫోన్ చార్జింగ్ పెట్టి మెత్త కిందనే పెట్టుకొని పండుకుంటడు. ఇప్పుడు మా ఇంటెనక జాగల టవర్ పెడ్తమని వచ్చిన్రు, ఊరంత వద్దంటున్నది. పిల్లలకు మెదడు క్యాన్సర్ వస్తదని, పిచ్చుకలు గూడ సస్తయని వాట్సాప్‌ల వీడియోలు తిరుగుతున్నయ్. మొన్న ఒకాయన ఫోన్‌కు అతికిచ్చే స్టిక్కర్ తెచ్చిండు, అది రేడియేషన్ గుంజుకుంటదట, ఒకటి 350 రూపాయలు. టవర్ వద్దని కాయితం మీద నన్ను గూడ సంతకం పెట్టుమంటున్రు. నాకు సదువు అంత రాదు. పెట్టాల్నా వద్దా, పిల్లలకు ఫోన్ ఇయ్యాల్నా వద్దా జర చెప్పక్కా.

సమాధానం: చెల్లె, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. అన్నిటికంటే ముందు ఒక్క పని చెప్తున్న, ఇది చదివినంక ఈ రాత్రే చెయ్యి, మిగతాది రేపు తీరిగ్గ చదువుకున్నా మంచిదే. ఆ పోరని మెత్త కిందికెళ్ళి ఫోన్ తీసెయ్యి. రేడియేషన్ కోసం కాదు, వేరే దానికోసం, అది కిందికి వస్తది.

సదువు రాదని రాసినవ్ గని నువ్వు అడిగింది మంచి ప్రశ్న. నేను నల్లగొండల ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయిన మనిషిని, నా క్లాసుల గూడ రేడియేషన్ అంటె అందరికి ఒకటే బొమ్మ కనపడేది, దవాఖానల ఎక్స్‌రే గది, తలుపు మీద పసుపు గుర్తు. ఆ మాట ఒక్కటే అయినా దాని లోపల ఉన్నయి మాత్రం వేరు వేరు. ఎండ గూడ రేడియేషనే, పొయ్యి కాడ మొకానికి తగిలే సెగ గూడ రేడియేషనే, ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ మీద మన తాతల కాలం కెళ్ళి వార్తలు చెప్తున్నది చూడు, అది గూడ అదే జాతి. ఫోన్ అల ఆ రేడియో చుట్టమే, కాకపోతే జర తొందర తొందరగ ఊగుతది, 4జీ 5జీ అన్నీ కలుపుకుంటె సెకనుకు 70 కోట్ల సార్ల నుంచి 350 కోట్ల సార్ల దాంక. మస్తు పెద్ద నంబర్ అనిపిస్తది గదా, గని మన కండ్లకు కనపడే దీపం ఎలుగు దీనికంటె లక్ష రెట్లకు పైననే ఎక్కువ ఊగుతది, ఎక్స్‌రే అయితే ఇంకా ఎన్నో రెట్లు మీద. ఎంత తొందరగ ఊగితె ఒక్కో దెబ్బల గంత బలం. ఎక్స్‌రేకు మన కణం లోపలి డీఎన్ఏ తెంచే బలం ఉంటది, అందుకే కడుపుతోని ఉన్నోళ్ళకు ఎక్స్‌రే తీసేముందు డాక్టర్ రెండుసార్లు ఆలోచిస్తడు. ఫోన్ అలకు ఆ బలం లేదు, దీపం ఎలుగుకే లేదు ఇగ దీనికి యాడికెళ్ళి వస్తది. అది చెయ్యగలిగేది ఒకటే, కండను జరంత ఎచ్చజేసుడు, అదీ ఒక డిగ్రీల పదో వంతో, పదిల రెండు వంతులో అట్ల. అరగంట మాట్లాడినంక చెవి కాలుతది చూడు, అది గూడ ఎక్కువ బ్యాటరీ ఎచ్చ, చెవికి గాలి తగలకపోవుట్ల వచ్చిన ఎచ్చ, అలలది కాదు.

గని భయపడేటోళ్ళను చూసి నవ్వేదాన్ని కాదు నేను. మా అమ్మగారి ఊరు మర్రిగూడ దిక్కు. కంటికి కనపడనిది, రుచికి తెల్వనిది మనిషిని ఏం చేస్తదో చిన్నప్పుడే చూసిన. నీళ్ళు తేటగ ఉండేది, తియ్యగ ఉండేది, తాగినోళ్ళకు పండ్లు గార పట్టేటియి, నలబై ఏండ్లకే నడుములు వంగి బొక్కలు బిగుసుకపోయేటియి. లీటర్‌ల 1.5 మిల్లీగ్రాముల లోపు ఫ్లోరైడ్ ఉండాలని లెక్క, మా దిక్కు కొన్ని బోర్లల్ల దానికి నాలుగైదింతలు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంత నల్లగొండ టెక్నిక్ అని పేరే పడ్డది, ఊరికి గసుంటి పేరు రావద్దు గని వచ్చింది. అందుకే ఎవరన్న ఏం కాదులే అంటె నేను వెంటనే నమ్మ. నాకు రెండు కావాలె, మోతాదు ఎంత, ఎన్ని ఏండ్లు తగిలితె మనుషులల్ల ఏం కనపడ్డది. ఫ్లోరైడ్‌కు ఆ రెండూ కండ్లముందర ఉండె, ఊర్లకు ఊర్లే సాక్ష్యం. ఫోన్‌కు గూడ అదే కొలతతోని చూద్దాం.

మన దేశంల మొదటి సెల్ ఫోన్ కాల్ 1995 జూలై 31న మోగింది, కలకత్తాల జ్యోతిబసు మాట్లాడిండు. అంటె మనకు ముప్పై ఏండ్లయితుంది, యూరప్ వాళ్ళకు ఇంకా ఎక్కువ. డెన్మార్క్, స్వీడన్, నార్వే, ఫిన్లాండ్ దేశాల్ల ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో ఏండ్లకేండ్లు రాసిపెడ్తరు, అక్కడ ఫోన్లు ఇంటింటికి వచ్చినంక మెదడు గడ్డల లెక్క దాంతోపాటు ఎగబడి పోలే. పిల్లల మీద విడిగ గూడ చూసిన్రు. మోబీ కిడ్స్ అని ఒక పెద్ద పరిశోధన, 14 దేశాల్ల చేసిన్రు, మన ఇండియా గూడ అండ్ల ఉన్నది. 10 నుంచి 24 ఏండ్ల వయసుల మెదడుల గడ్డ వచ్చినోళ్ళు 899 మంది, వాళ్ళకు జోడీగ అపెండిక్స్ ఆపరేషన్‌కు వచ్చిన పిల్లలు 1,910 మంది, ఈళ్ళు ఎంత ఫోన్ మాట్లాడిన్రు వాళ్ళు ఎంత మాట్లాడిన్రు అని పక్కపక్కన పెట్టి చూసిన్రు. 2022ల అచ్చయింది. ఎక్కువ మాట్లాడినోళ్ళకు ఎక్కువ గడ్డలు రాలే. తర్వాత 2024ల డబ్ల్యూహెచ్ఓ, అంటె ప్రపంచ ఆరోగ్య సంస్థ, చేయించిన సమీక్ష వచ్చింది, 63 పరిశోధనలు ముందటేసుకొని చూసిన్రు, మెదడు క్యాన్సర్‌కు ఫోన్‌కు లంకె కనపడలేదనే రాసిన్రు.

మరి మీ వాట్సాప్‌ల డబ్ల్యూహెచ్ఓ నే క్యాన్సర్ అని చెప్పిందని వస్తది గదా, అది ఉత్త అబద్ధం కాదు, సగం ముక్క. 2011 మే నెలల డబ్ల్యూహెచ్ఓ కింద ఉండే క్యాన్సర్ సంస్థ ఫోన్ అలలను 2బి అనే గుంపుల ఏసింది. 2బి అంటె క్యాన్సర్ రావచ్చు అనే అనుమానానికి కొంచెం ఆధారం ఉన్నది, గట్టిగ చెప్పేటంత లేదు, ఇంకా చూడాలె అని. ఆ గుంపుల కలబంద మొత్తం ఆకు నుంచి తీసిన సారం గూడ ఉన్నది. మన ఇంటి ముందట కుండీల ఉండే కలబందే. బీడీ, సిగరెట్, గుట్కా అయితె ఒకటో గుంపు, అండ్ల అనుమానం లేదు, ఖాయం. ఊర్ల టవర్ వద్దని ముందట పడ్డోళ్ళ నోట్ల ఏమున్నదో ఒకసారి చూడు చెల్లె, నేనేం అంటలేను. ఎలుకల మీద అమెరికాల చేసిన దాని గురించి గూడ వీడియోలల్ల చెప్తరు, 2018ది, మగ ఎలుకల గుండెకాడ గడ్డలు వచ్చినయ్ నిజమే, గని వాటికి రోజుకు తొమ్మిది గంటలు, రెండేండ్లు, ఒళ్ళంత తగిలేటట్టు పెట్టిన్రు, అండ్ల ఇంకో చిత్రం ఏందంటె అలలు తగిలిన ఎలుకలే తగలని వాటికంటె ఎక్కువ రోజులు బతికినయ్. దాంతోని మన పిల్లల గురించి ఏం చెప్తం.

ఇగ ఇదంత చెప్పినంక నువ్వు అంటవ్, అయితె ఏం పరవాలేదా చెవికి పెట్టుకోనియ్యాల్నా అని. వద్దు. పిల్లల సంగతి పెద్దోళ్ళ సంగతి ఒకటి కాదు. పిల్లల పుర్రె పలచన, మెదడుల తడి ఎక్కువ, అందుకని అదే ఫోన్ చెవికి పెడితె పెద్దోళ్ళకంటె పిల్లల మెదడుకు రెండింతలు తగుల్తది, పుర్రె బొక్క లోపలి మూలుగుకు పదింతలదాంక గూడ పోవచ్చని ఆ క్యాన్సర్ సంస్థ 2011 లెక్కనే చెప్తది. నీ బిడ్డకు ఇప్పుడు తొమ్మిదేండ్లు అనుకుంటున్న, ఆమె ఇంకో అరవై డెబ్బై ఏండ్లు ఫోన్ వాడుతది, ఇప్పటిదాంక లోకంల ఎవ్వరు అంత కాలం వాడలే. పైసా ఖర్చు లేకుంట తగ్గించుకునే తొవ్వ ఉన్నప్పుడు ఎందుకు తగ్గించుకోవద్దు. ఆ తొవ్వ పేరు దూరం. ఒక్క జానెడు దూరం జరిగితె చాలు, తగిలేది మస్తు రెట్లు పడిపోతది.

ఇప్పుడు అసలు మీ ఇంటి సంగతికి వస్త, నీ ఉత్తరంల నన్ను పట్టుకున్న ముక్క ఇదే, ఇనుప రేకుల ఇల్లు, లోపల సిగ్నల్ సక్కగ రాదు అన్నవ్ చూడు. ఫోన్ ఎప్పుడు ఒకే బలంతోని పనిచెయ్యదు. నువ్వు చేను గట్టు మీద నిలబడి అవతలి గట్టుమీద ఉన్నోళ్ళను పిలిస్తె ఎట్ల పిలుస్తవ్, గొంతు చించుకుంటవ్. అదే పక్కన కూసుంటె గుసగుస చాలు. ఫోన్ గూడ గట్లనే. టవర్ దగ్గరున్నది, మధ్యల అడ్డం లేదు అంటె ఫోన్ గుసగుసలాడ్తది. టవర్ దూరం ఉన్నది, మధ్యల ఇనుప రేకు ఉన్నది అంటె టవర్ దీనికి చెప్తది, నాకు ఇనపడ్తలేదు ఇంకా గట్టిగ అని, ఇది ఇంకా గట్టిగ అరుస్తది. 4జీ ఫోన్ ఎంత గట్టిగ అరిచినా 0.2 వాట్ దగ్గర ఆగుతది, సిగ్నల్ మంచిగున్న కాడ అదే ఫోన్ దానికి వందల రెట్లు, ఒక్కోసారి వేల రెట్లు తక్కువతోని పని ఎల్లదీస్తది. మీ రేకుల కింద ఒక్క గీత సిగ్నల్‌ల నీ బిడ్డ అరగంట మాట్లాడ్తున్నది అంటె, ఆ ఫోన్ ఉన్న గొంతంత పెట్టి అరిచేది ఆమె చెవికాడనే. బ్యాటరీ జల్ది అయిపోతుందని గూడ నువ్వు అనుకుంటుండొచ్చు, అది గూడ అందుకే.

అంటె ఏమైంది చూడు, టవర్ వద్దని ఊరంత సంతకాలు పెడ్తే పిల్లల చెవికాడి రేడియేషన్ తగ్గదు, అట్లనే ఎక్కువుంటది. టవర్ వస్తే చెవికాడిది తగ్గుతది. మీ ఊర్ల ఎవ్వరికి ఈ మాట మింగుడు పడదు, నాకు తెల్సు, మా వాడకట్టుల నేను చెప్తెనే టవర్ కంపెనోడు ఎంత ఇచ్చిండు మేడం అని నవ్విన్రు. టవర్ మీద అలలు పంపే ట్రాన్స్‌మిటర్ ఉంటది, అది ఎక్కడో పైన ఉండి ముందటికి పంచుతది, బండి హెడ్‌లైట్ లెక్క, హెడ్‌లైట్ కిందనే నిలబడితె ఎలుగు పడ్తదా. కిందికి వచ్చేసరికి అది ఎంత పలచనైతదంటె చెవికి ఆనించిన ఫోన్‌తోని పోలికే లేదు. దాని మీద మన దేశం గూడ గట్టి లెక్కనే పెట్టింది, అంతర్జాతీయ పరిమితిల పదో వంతే ఉండాలని 2012 సెప్టెంబర్ 1 నుంచి రూల్ తెచ్చింది. కేంద్ర టెలికాం శాఖ వాళ్ళది తరంగ్ సంచార్ అని వెబ్‌సైట్ ఉన్నది, అండ్ల మ్యాప్ మీద మీ ఊరి దగ్గరి టవర్లు చూసుకోవచ్చు, రూల్ ప్రకారం ఉన్నదా లేదా చూపిస్తది, అనుమానం ఉంటె ఫీజు కట్టి మన ఇంటికాడనే కొలిపించుకోవచ్చు గూడ. మీ కొడుకునే కూసోబెట్టి చూడుమను, ఫోన్‌తోని ఒక పనికొచ్చే పని చేసినట్టయితది.

ఇంత చెప్పిన్నని టవర్‌కు కండ్లు మూసుకొని ఒప్పుకోమంటలేను. అడగాల్సినయి వేరే ఉన్నయ్. జనరేటర్ పెడ్తరా, పెడ్తే దాని పొగ, మోత ఏ దిక్కు వస్తది, మీ కిటికీ దిక్కేనా? గాలిదుమారానికి పడితె ఎవని మీద పడ్తది, పునాది ఎంత లోతు? పంచాయతీ కాయితం ఉన్నదా? జాగ ఎవలది, కిరాయి ఎవలకు పోతది? వద్దని ముందట పడ్డోళ్ళల్ల తమ జాగల పెట్టలేదనే కోపం ఉన్నోళ్ళు ఎంతమంది అనేది గూడ ఒక ప్రశ్ననే, గని అది నువ్వు అడగకు, ఊర్ల బతకాలె గదా. క్యాన్సర్ వస్తదని రాసిన కాయితం మీద మాత్రం నేనైతె సంతకం పెట్ట. జనరేటర్ ఇండ్లకు దూరం పెట్టాలని రాస్తె పెడ్త.

ఇగ రాత్రి ఫోన్ ముచ్చట. వాళ్ళ నాయన గొంతు ఇననియ్యకుంట చేసేటంత కఠినం నాకు లేదు, పాలమూరు పిల్లలకు సగం నాయన ఫోన్‌లనే ఉంటడు, ఆ గంట ఆపకు. ఇంట్ల కూసొని మాట్లాడుడు ఆపు. బయటికి రాండ్రి, వాకిట్ల అరుగు మీదనో యాపచెట్టు కిందనో కూసోండ్రి, గీతలు చూడు, ఒకటి ఉన్నది మూడు అయితది. ఫోన్ మధ్యల పెట్టి స్పీకర్ ఏసి ముగ్గురు కలిసి మాట్లాడుండ్రి, ఒకరెనక ఒకరు ఎదురుచూసుడు గూడ తప్పుతది, గంట మాటలు అరగంటల అయిపోతయ్. వానకాలం, చలికాలం బయట కూసోలేరు అనుకో, దర్వాజ కాడ గడపల కూసున్నా లోపలికంటె నయమే. ఇరుగుపొరుగు ఇంటరని ఉంటె, నీకు మీ ఆయనకు పైసల ముచ్చట్లు ఉంటయ్, వాళ్ళకు చెప్పరానియి ఉంటయ్, వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ ఒకటి కొను, వందకు లోపల దొరుకుతది, ఫోన్ ఒళ్ళెనో అరుగుమీదనో ఉంటది, తలకు తగిలేది పదో వంతుకు పడిపోతది. బ్లూటూత్‌ది గూడ పరవాలేదు, దాని బలం ఫోన్‌తోని చూస్తే చాలా చిన్నది. సౌండ్ మాత్రం ఎక్కువ పెట్టుకోనియ్యకు, చెవుడు వస్తది, అది అనుమానం కాదు.

వీడియో కాల్ అంటె ఎక్కువ రేడియేషన్ అని చాలామంది అనుకుంటరు. వీడియోకు డేటా ఎక్కువ పోతది నిజమే, గని ఫోన్ మొకానికి మూరెడు దూరంల ఉంటది, చెవికి ఆనదు. తలకాయ లెక్కన చూస్తే చెవి కాల్‌కంటె వీడియోనే నయం. ఇంకోటి, చిన్న బటన్ ఫోన్ అయితె పిల్లలకు ఏం కాదని నమ్మకం, అది గూడ తప్పే. 2జీ మీద నడిచే బటన్ ఫోన్ అరిచిన ప్రతిసారి 2 వాట్ల దాంక అరుస్తది, ఆగి ఆగి అరుస్తది కాబట్టి సగటు పావు వాట్ అనుకో, అయినా 4జీ ఫోన్‌కంటె తక్కువేం కాదు. బటన్ ఫోన్ ఇయ్యి, రీల్స్ ఉండయి కాబట్టి ఇయ్యి, రేడియేషన్ తక్కువని మాత్రం ఇయ్యకు. కాల్ కలిసేటప్పుడు ఫోన్ మొదట జోరుగ అరుస్తది, అటు ఎత్తి హలో అన్నంకనే చెవి దగ్గరికి తెచ్చుకోమని చెప్పు. మహబూబ్‌నగర్ పోయేటప్పుడు బస్సుల గూడ అంతే, చుట్టు ఇనుము, బండి ఉరుకుతుంటె టవర్ మీద టవర్ మారుతది, అప్పుడు పొడుగు ముచ్చట్లు వద్దు.

నీ ఫోన్ ఎంతదో తెల్సుకోవాలంటె కాల్ చేసే కాడ *#07# అని కొట్టు, ఎస్ఏఆర్ అని ఒక నంబర్ వస్తది. ఒక కిలో కండ ఎన్ని వాట్లు గుంజుకుంటదనే లెక్క అది, మన దేశంల 1.6కు మించి ఉండొద్దు. నీది 0.9 ఉన్నా 1.2 ఉన్నా పరేషాన్ కాకు, ఆ నంబర్ ఫోన్ గొంతంత పెట్టి అరిచినప్పటిది, రోజూ తగిలేది కాదు. 1.2 ఫోన్ అరుగు మీద స్పీకర్ల ఉండుడు 0.6 ఫోన్ రేకుల కింద చెవికాడ ఉండుడుకంటె మేలు.

ఇప్పుడు మెత్త కింది ఫోన్. వాడక ఊరికే ఉన్న ఫోన్ నేను ఉన్న అని అప్పుడప్పుడు టవర్‌కు చెప్తది, అంతే, దాని రేడియేషన్ గురించి నాకు నిద్ర పట్టకుండ ఏం లేదు. నాకు భయం చార్జింగ్ పెట్టి మెత్త కింద పెడ్తుండు అన్నవ్ చూడు, దానికి. లిథియం బ్యాటరీ చార్జింగ్ అయ్యేటప్పుడు ఎచ్చైతది, ఆ ఎచ్చ బయటికి పోవాలె, దూది మెత్త కింద యాడికి పోతది. ఉబ్బిన బ్యాటరీ, బజార్ల కొన్న చీప్ చార్జర్, వోల్టేజ్ ఎక్కువ తక్కువ అయ్యే ఊరి కరెంట్, ఇవన్ని కలిసిననాడు అంటుకుంటది. అది వీడియోల భయం కాదు, అయ్యే పని. ఫోన్ ఎనక అట్ట జర ఉబ్బి లేసినట్టు ఉన్నదా, బల్ల మీద పెడ్తె గిర్రున తిరుగుతున్నదా చూడు, ఉంటె ఆ ఫోన్ ఇగ చార్జింగ్ పెట్టకు.

రెండోది నిద్ర. పద్నాలుగేండ్ల పిలగానికి రాత్రి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలె. వాడు ఎన్ని గంటలకు పండుకుంటుండు అని నువ్వు రాయలే, నువ్వు పండుకున్నంక వాడు పండుకుంటుండు కాబట్టి నీకు తెల్వదు అనుకుంటున్న. పొద్దున లేపితె లేస్తలేడా, బళ్ళ కునుకుతుండా, ఆదివారం పది దాంక పండుకుంటుండా, అయితె ఫోన్ వాని నిద్ర తింటున్నది. ఎలుగు కండ్లల్ల పడి మెదడు ఇంకా పొద్దుగూకలే అనుకుంటది, దానికంటె పెద్దది ఇంకొక్క రీల్, ఇంకొక్క ఆట అని ఆగని ఆశ. తలనొప్పి వస్తుందంటె గూడ మొదలు ఇదే చూడు. ఫోన్ ఆన్ ఉన్నదో ఆఫ్ ఉన్నదో చెప్పకుంట మనుషుల పక్కన పెట్టి చూసిన్రు, ఆఫ్ ఉన్నప్పుడు గూడ అంతే మందికి తల నొచ్చింది. నిద్ర లేకుంటె, కండ్ల చూపు తగ్గితె మాత్రం నిజంగనే నొస్తది. బళ్ళెకు కండ్ల డాక్టర్లు వచ్చినప్పుడు వాణ్ణి తప్పకుంట చూపియ్యి, బోర్డు మీదివి కనపడ్తున్నయా అని అడుగు, ఈ వయసుల దూరం చూపు తొందరగ తగ్గుతది, రోజు రెండు గంటలు ఎండల ఆడుకునే పిల్లలకు తక్కువ తగ్గుతది.

వాని చేతులకెళ్ళి గుంజుకొని కొట్లాట పెట్టుకోకు, తొమ్మిదో క్లాస్ పోరడు, ఇంట్ల మొగోడు నేనే అనుకునే వయసు. నాయన ఏ రాత్రి అన్న ఫోన్ చేస్తడేమో అని గూడ దగ్గర పెట్టుకుంటుండొచ్చు, అడుగు. గోడల గూడు ఉంటది గదా మీ ఇంట్ల, దీపం పెట్టేటిది, రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్ల ఉన్న ఫోన్లన్ని ఆ గూట్లకు పోవాలె. నీది గూడ. నీది ముందు పెట్టు, అప్పుడే వాడు పెడ్తడు. సౌండ్ ఫుల్ పెట్టు, నాయన చేస్తే గూట్లకెళ్ళి ఇనపడ్తది. అలారం కోసం కావాలంటడు, అందరు పోరగాండ్లు అదే అంటరు, నూటయాభై పెట్టి గంట కొట్టే గడియారం కొనియ్యి, స్టిక్కర్ పైసల్ల సగం గూడ కాదు. మీ ఆయనకు గూడ చెప్పు, పదింటికి చేసేది ఎనిమిదింటికి చెయ్యుమని, ఓవర్‌టైమ్ ఉన్నరోజు పొద్దున చేస్తడు.

పిచ్చుకలంటవా, అవి పెంకుటిండ్ల సూర్లల్ల, దర్వాజ మీది సందులల్ల గూళ్ళు పెట్టేటియి. ఇప్పుడు స్లాబ్ ఇండ్లు, సందు లేదు, చేన్లల్ల మందులు కొట్టి పురుగు లేదు, పిల్లలకు ఏం పెడ్తయ్. టవర్లు రాకముందే మా ఇంట్ల కెళ్ళి పోయినయ్ అవి, మేము ఇల్లు కూలగొట్టి స్లాబ్ ఏసిన ఏడు.

స్టిక్కర్ ఆయన మల్ల వస్తడు, వాళ్ళు ఊరికే ఇడిచిపెట్టరు. వస్తే ఒకటే అడుగు, ఇది అతికిస్తే సిగ్నల్ గీతలు తగ్గుతయా తగ్గయా అని. తగ్గయి అంటె అలలు ఎట్ల పోయేటియి అట్లనే పోతున్నయ్, మరి అది గుంజుకునేది ఏంది? తగ్గుతయి అంటె మీ రేకుల లెక్కనే అడ్డం పడ్తున్నది, ఫోన్ ఇంకా గట్టిగ అరుస్తది. రెండిట్ల ఏది చెప్పినా 350 కొంగున కట్టుకొని లోపలికి పో.